జాగ్రత్త: చారల కేరెక్స్ అని పంపింది వేర్లు లేని పిలకలు, అడుగున తుంగ గడ్డలు

ఆన్‌లైన్‌లో చిన్న కేరెక్స్ (తుంగ కుటుంబంలో గడ్డిలా కనిపించే అలంకార మొక్క) కొనాలని చూస్తున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. నేను కొన్నది ఎవర్‌గోల్డ్ అనే రకం. ఆకు మధ్యలో మీగడ రంగు చార, రెండు అంచులా ముదురు పచ్చ, అడుగుకి మించని ఎత్తు, కుండీ అంచు మీంచి చుట్టూ కిందికి వాలే ఆకులు. అమ్మకం పేజీలో ఫొటో అచ్చంగా ఇలాగే ఉంది, నిండు దుబ్బు. నాకు వచ్చింది మాత్రం విడివిడి పిలకలను రబ్బరు బ్యాండుతో గుత్తిగా కట్టి, తడి కొబ్బరిపీచు పొడి, అదే కోకోపీట్‌లో గుచ్చిన కుండీ. అది చాలదన్నట్టు ఆ కోకోపీట్‌లోనే తుంగ గడ్డలు. కేరెక్స్ చస్తే ఒక్క మొక్కతో పోతుంది, తుంగ వస్తే పక్కనున్న కుండీలన్నిటికీ ముప్పే. అందుకే రివ్యూలో ఒక స్టార్ ఇచ్చి ఊరుకోకుండా ఇంత రాస్తున్నాను.

పైనుంచి చూస్తే ఏ లోపమూ కనబడకుండా సర్దారు. ఆకుల కొసలన్నీ కత్తెరతో ఒకే ఎత్తుకు కోశారు, ఎండిన కొసలు కనపడకుండా. కోకోపీట్‌ను గట్టిగా అదిమారు, కుండీ ఊపినా పిలకలు కదలవు. మొదళ్ల దగ్గర పట్టుకుని కాస్త లాగితే గుత్తి మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద నల్లబడిన పాత వేరు ముక్కలు ఉన్నాయి గానీ తెల్లటి కొత్త వేరుకొన ఒక్కటీ లేదు. కుండీలోనే పెరిగిన కేరెక్స్‌ను వంచి బయటికి తీస్తే వేర్లు మట్టిని పట్టుకుని కుండీ ఆకారంలోనే వస్తాయి. ఇక్కడ కోకోపీట్ పొడిపొడిగా రాలిపోయింది. అంటే పెద్ద దుబ్బును చీల్చి, వేరు పట్టేదాకా ఆగకుండా, ఆ వారంలోనే అమ్మేశారన్నమాట.

పిలకలు చీల్చి నాటడం తప్పేమీ కాదు. ఎవర్‌గోల్డ్ లాంటి చారల రకాలను పెంచే పద్ధతే అది, లేదా టిష్యూ కల్చర్, అంటే ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి పెంచడం. అయితే విడదీసిన ప్రతి ముక్కకూ సొంత వేర్లుండాలి, కనీసం కొన్ని పిలకలు కలిసి ఉండాలి, నాటాక నీడలో వేరు పట్టేవరకు నర్సరీలోనే ఉంచాలి. వేరు లేని పిలక నీళ్లు తాగలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మెత్తటి ఆకుల మొక్క అయితే వాడిపోయి వెంటనే చెప్పేస్తుంది. కేరెక్స్ ఆకు సన్నం, బిరుసు. లోపల ఎండిపోతున్నా పైకి పచ్చగా నిలబడే ఉంటుంది. కొసలు గోధుమ రంగుకు తిరిగేసరికి వాపసు గడువు దాటిపోతుంది. ఈ సంగతి కొనేవాడికి తెలియకపోవచ్చు, అమ్మేవాడికి తెలియదంటే నేను నమ్మను.

ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబులు వరసగా చెప్తాను, మీకూ ఇవే చెప్పవచ్చు. మొదటిది, ప్రయాణంలో అలిసిపోయింది, కొన్ని రోజులు ఆగండి. ఇందులో సగం నిజం ఉంది. పార్శిల్‌లో వచ్చిన మొక్కకు పాత ఆకులు కొన్ని ఎండడం మామూలే. చూడాల్సింది పాత ఆకుల్ని కాదు, మొవ్వును. పిలక మధ్యలోని లేత ఆకును రెండు వేళ్లతో మెల్లగా లాగండి. బతికిన పిలకలో అది గట్టిగా పట్టుకుని ఉంటుంది. నా మొక్కలో జారి ఊడి వచ్చింది, దాని అడుగు కొస గోధుమ రంగు, కుళ్లు వాసన. అది అలసట కాదు, మొదలు కుళ్లు.

రెండో జవాబు, ఇప్పుడు నిద్రావస్థలో ఉంది, మళ్లీ చిగురిస్తుంది. కేరెక్స్‌లో ఆకు రాల్చి నిద్రపోయే జాతులు ఉన్నాయి, నిజమే. దాదాపు 2,000 జాతులున్న ప్రజాతి అది, అన్ని రకాల బుద్ధులూ ఉంటాయి. కానీ ఎవర్‌గోల్డ్ జపాన్ జాతి ఒషిమెన్సిస్ నుంచి వచ్చిన రకం, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొక్క. దానికి ఆకులన్నీ ఎండే నిద్ర లేదు.

మూడో జవాబుకు మాత్రం కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది. మీకు పంపింది బ్రాంజ్ రకం, దాని రంగే అంత అన్నారు! బ్రాంజ్ కేరెక్స్‌లు నిజంగానే ఉన్నాయి. న్యూజిలాండ్ జాతులైన బుకనానై, కొమాన్స్, ఫ్లాజెల్లిఫెరా లాంటివాటిలో పుట్టుకతోనే రాగి, గోధుమ రంగుల్లో ఉండే రకాలు ఉన్నాయి. బతికున్నప్పుడే చచ్చినట్టు కనిపిస్తాయని వాటి మీద ఒక పాత హాస్యం కూడా ఉంది. ఆ పేరు చెప్పి చచ్చిన మొక్కను అంటగట్టడం సులువు కాబట్టి తేడా తెలుసుకోండి. బతికున్న బ్రాంజ్ ఆకును వేలికి చుట్టితే సాగుతూ చుట్టుకుంటుంది. ఎండిన ఆకు పుటుక్కున విరుగుతుంది. అయినా పసుపు చారల ఫొటో పెట్టి, పసుపు చారల పేరు రాసి, వచ్చింది బ్రాంజ్ అంటే అది ఎలా చూసినా తప్పు సరుకే కదా.

కుండీతో పాటు ఒక చీటీ కూడా పెట్టారు. నీటి మొక్క, పళ్లెంలో ఎప్పుడూ నీళ్లు ఉంచండి, నిండు ఎండలో పెట్టండి. నా దృష్టిలో అసలు మోసం కన్నా ఈ చీటీ ఎక్కువ మొక్కల్ని చంపుతుంది, ఎందుకంటే మంచి మొక్క వచ్చినవాళ్లూ దాన్ని నమ్ముతారు. తుంగ కుటుంబం అనగానే చెరువు గట్టు గుర్తుకొస్తుంది. ఆ కుటుంబంలో పాపిరస్, గొడుగు తుంగ, ఫైబర్ ఆప్టిక్ గ్రాస్ పేరుతో అమ్మే ఐసోలెపిస్ సెర్నువా వంటివాటికి పళ్లెంలో నీళ్లుంటే సంతోషమే. ఐసోలెపిస్ అయితే ఒక్కసారి పూర్తిగా ఆరినా కొసలు ఎండబెట్టుకుంటుంది. ఎవర్‌గోల్డ్ సంగతి వేరు. దానికి తేమ కావాలి, నీళ్లు నిలవకూడదు. కుండీకి అడుగున రంధ్రాలు తప్పనిసరి. పైమట్టి కాస్త ఆరినట్టు వేలికి తగిలాక నిండుగా పోసి, పళ్లెంలోకి దిగిన నీళ్లు పారబోయాలి. ఎండ ఉదయం పూట చాలు, మిగతా రోజంతా వెలుతురున్న నీడ. మిట్టమధ్యాహ్నం ఎండ తగిలితే చార వెలిసిపోయి, ఆ తెల్లటి భాగమే ముందు మాడుతుంది. పచ్చదనం తక్కువున్న ఆకు కదా, ఓర్పూ తక్కువే. మరీ వేడి, గాలాడని ఉక్క రెండూ కలిసిన చోట ఈ మొక్క నీరసిస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే చోట ఉన్నవాళ్లకు అమ్మేవాళ్లు ముందే ఈ మాట చెప్పాలి. ఎవరూ చెప్పరు.

నాటేటప్పుడు పిలకల మొదళ్లు మట్టికి సమంగా ఉండాలి. గట్టిగా నిలబడుతుందని లోతుగా పాతితే మొవ్వులోకి తడి చేరి కుళ్లుతుంది. నాకు వచ్చిన కుండీలో అదే జరిగింది, నిలబెట్టడానికి సగం దాకా పాతేశారు. ఎరువు ఎక్కువ అడగదు. పెరిగే కాలంలో సగం పలుచన చేసిన ద్రవ ఎరువు అప్పుడప్పుడు పోస్తే సరిపోతుంది. ఎండిన ఆకులను చేతివేళ్లతో దువ్వి తీసేయాలి, గడ్డిని కోసినట్టు దుబ్బు మొత్తం నేలమట్టంగా కోయకండి, ఇలాంటి సతత హరిత రకాలు దాన్నుంచి సరిగా కోలుకోవు. చారల దుబ్బులో ఒక్కోసారి పూర్తి పచ్చ పిలక లేస్తుంది. దానికి బలం ఎక్కువ, వదిలేస్తే చారల వాటిని మింగేస్తుంది. మొదలుకంటా తీసేయండి.

చారల కేరెక్స్ విత్తనాలంటూ రంగురంగుల ఫొటోలతో అమ్మే పొట్లాల జోలికి అసలు వెళ్లకండి. ఎవర్‌గోల్డ్ చార విత్తనంతో నమ్మకంగా దిగదు. పొట్లంలో ఏముందో అది మొలిచేదాకా తెలియదు.

వేరే మొక్కను కేరెక్స్ పేరుతో పంపడమూ ఉంది. అకోరస్‌లో ఓగన్ అనే పసుపు చారల రకం దూరం నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. ఆకు నలిపి వాసన చూడండి, అది వసకు చుట్టం, ఆ ఘాటు తెలిసిపోతుంది. దాని ఆకులు విసనకర్ర మడతల్లా ఒకే చదునులో రెండు వరసలుగా వస్తాయి. కేరెక్స్‌లో పైనుంచి చూస్తే మూడు దిక్కులకు మూడు వరసలుగా విడతాయి, పూకాడ వచ్చినప్పుడు వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. చారల స్పైడర్ ప్లాంట్ పిల్లలను కూడా కుండీ నిండా పెట్టి ఈ పేరుతో అమ్ముతారు. వేరు లావుగా, కండగా ఉంటే అది కేరెక్స్ కాదు. ఇలాగే సన్నటి ఆకులుండే మాండో గ్రాస్ అయితే, దాని వేర్లకు అక్కడక్కడా చిన్న ఉబ్బులుంటాయి. ఇవన్నీ మంచి మొక్కలే, పైగా స్పైడర్ ప్లాంట్‌ను చంపడం కష్టం. కానీ అడిగింది వేరు, డబ్బు తీసుకున్నది వేరు.

ఇక తుంగ. కోకోపీట్ విదిలిస్తే నల్లటి, గట్టి, చిన్న గడ్డలు కనిపించాయి, సన్నటి తీగలాంటి కాండంతో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. కొన్నిటికి మొలక తెల్లగా లేచింది. పొలాల్లో, తోటల్లో అందరినీ ఏడిపించే సైపెరస్ రొటండస్ అదే. కలుపుల్లో ప్రపంచం మొత్తం మీద అతి మొండివాటి సరసన చేర్చారు దాన్ని. గొలుసులో కొస గడ్డ మొలుస్తూ ఉంటే మిగతావి నిద్రలో ఉంటాయి. పైమొక్కను పీకితే గొలుసు తెగి ఆ నిద్రగడ్డలు లేస్తాయి. అందుకే పీకినకొద్దీ పెరిగినట్టు ఉంటుంది. కేరెక్స్ కుండీలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం, లేత ఆకులు కలిసిపోతాయి. చార లేకుండా, నిగనిగలాడుతూ, మిగతావాటికన్నా వేగంగా నిటారుగా లేచే పచ్చ ఆకు కనబడితే దాని మొదలు తవ్వి చూడండి. కింద గడ్డ ఉంటే తుంగ, లేకపోతే మామూలు పచ్చ పిలక.

కొనాలనుకునేవాళ్లు అమ్మేవాళ్లను ఫోటో అడగండి, ఆకులది కాదు. కుండీ నుంచి బయటికి తీసిన వేరుముద్ద ఫోటో, మీకు పంపబోయే మొక్కదే, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితంతో. నిజంగా మొక్కలు పెంచేవాళ్లు దీనికి విసుక్కోరు. ఎన్ని నెలలుగా ఆ కుండీలో ఉందో అడగండి. లాటిన్ పేరు రకంతో సహా రాసివ్వమనండి, అలంకార గడ్డి అని మాత్రమే రాసిన చోట కొనకండి. పార్శిల్ తెరిచేటప్పుడు వీడియో తీస్తూ మొక్కను కుండీలోంచి బయటికి తీసి వేర్లు చూపించండి. చాలామంది పెట్టె తెరవడం వరకే తీసి ఆపేస్తారు, అసలు సాక్ష్యం దాని కిందే ఉంటుంది.

నా ఫిర్యాదు ఇంకా తేలలేదు. సగం సొమ్ము కూపన్‌గా ఇస్తామని, బదులుగా రివ్యూ తీసేయమని అడిగారు. ఒప్పుకోలేదు. అదే దుకాణం పేజీలో ఇప్పటికీ అదే ఫొటో ఉంది, స్టాక్ కొద్దిగానే మిగిలింది అని ఎర్ర అక్షరాలతో.

ఇలాంటి కుండీ ఇప్పటికే అందుకున్నవాళ్లు ఆ మట్టిని కంపోస్టులో వేయకండి, మామూలు కంపోస్టు వేడికి తుంగ గడ్డ చావదు. వేరే కుండీలో కలపకండి, పెరట్లో పారబోయకండి. రేకు మీద పలచగా పరిచి, వానా మంచూ తగలని ఎండలో గడ్డలు ముడుచుకుని గలగలలాడేదాకా ఆరబెట్టి, జల్లించి, గడ్డలను కవరులో మూటకట్టి చెత్తలో వేయండి. కేరెక్స్ పిలకల్లో ఏదైనా బతికి ఉంటే వేర్లను నీళ్లలో శుభ్రంగా కడిగి, కొత్త మట్టిలో, విడి కుండీలో పెట్టండి. పక్కన నిటారుగా కొత్త ఆకు లేస్తోందేమో రోజూ చూస్తూ ఉండండి.