స్ట్రీట్ ఆర్ట్ వాక్ బుక్ చేస్తున్నారా? ప్రకటనలోని ఫొటోలు ఎప్పటివో ముందు కనుక్కోండి

గైడ్‌తో నడుస్తూ గోడల మీది బొమ్మలు చూసే వాక్‌లకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు ప్రకటనలు వస్తున్నాయి. అలాంటి ఒక వాక్‌కి డబ్బు కట్టి మోసపోయాను. కట్టబోయేవాళ్లు ఒకసారి ఇది చదవండి.

ప్రకటనలో అన్నిటికన్నా పైన ఉన్నది ఒక ముసలావిడ ముఖం. ఆరంతస్తుల గోడ నిండా నీలం రంగులో ఉంది. నేను బుక్ చేసిందే దాదాపు ఆ ఒక్క బొమ్మ కోసం. సగం దారి నడిచినా ఆ గోడ రాకపోయేసరికి గైడ్‌ని అడిగాను. కాసేపు నీళ్లు నమిలి, "అది ఇప్పుడు లేదండీ, బిల్డింగ్‌కి రంగులేశారు" అన్నాడు. ఎప్పుడంటే తెలియదట. పక్కనే దుకాణం పెట్టుకున్నాయన్ని అడిగితే, ఏళ్లు గడిచిపోయాయని నవ్వాడు. ప్రకటనలోని మిగతా ఫొటోల్లోనూ చాలావాటి జాడ లేదు. ఇంటికొచ్చి వెతికితే అందులో ఒకటి అసలు వేరే నగరంలోది.

గోడ బొమ్మ చెరిగిపోవడం వింతేమీ కాదు. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ భవనం మీది గ్రాఫిటీ మొత్తానికి 2013లో యజమాని రాత్రికి రాత్రి తెల్లరంగు వేయించేశాడు. దాని మీద కేసు నడిచి, 2018లో కోర్టు 21 మంది కళాకారులకు 67 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వమంది. బెర్లిన్‌లో బ్లూ అనే ఇటలీ కళాకారుడి పెద్ద బొమ్మలకు 2014లో ఆయన ఒప్పుకోలుతోనే నల్లరంగు పూశారు. విషయం తెలిసిన గైడ్ అయితే ఖాళీ గోడ ముందు నిలబెట్టి కూడా ఇలాంటివి చెప్పి మనల్ని కట్టిపడేస్తాడు. పోయిన బొమ్మ పోయిందని చెప్పి ఉంటే నాకు గొడవే లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి డబ్బు తీసుకోవడమే నా ఫిర్యాదు.

ఇక చెప్పిన కథలంటారా, అన్నీ కాకమ్మ కథలే. ఒక షట్టర్ పక్కన చిన్న స్టెన్సిల్ ఎలుక ఉంటే "బ్యాంక్సీ వేసి ఉండొచ్చు" అన్నాడు. బ్యాంక్సీ అంటే తానెవరో బయటపడకుండా గోడల మీద ఇలాంటి స్టెన్సిల్ బొమ్మలు వేసే ప్రపంచ ప్రసిద్ధ కళాకారుడు. అందరూ టకటకా ఫొటోలు తీసుకున్నారు. అచ్చు కత్తిరించుకుని స్ప్రే కొట్టడం ఎవరైనా చేయగలరు. బ్యాంక్సీ తన బొమ్మ అయితే తన ఇన్‌స్టాగ్రామ్‌లోనో వెబ్‌సైట్‌లోనో తానే ప్రకటిస్తాడు. ఇంకో పెద్ద మ్యూరల్ దగ్గర వేసిందెవరని ఒకావిడ అడిగితే "ఎవరో లోకల్ ఆర్టిస్ట్" అని ముందుకు నడిచాడు. కింద మూలలో ఆ కళాకారుడి సంతకం, ఇన్‌స్టాగ్రామ్ పేరు శుభ్రంగా కనపడుతూనే ఉన్నాయి!

చిన్న గ్రూప్ అన్నారు, జాతర తయారైంది. వెనకున్నవాళ్లకు ఒక్క మాట వినపడలేదు.

అసలు భయపడాల్సింది చివర్లో పెట్టిన "మీరే స్ప్రే చేయండి" దగ్గర. ఒక సందులోకి తీసుకెళ్లి డబ్బాలు చేతికిచ్చి, ఈ గోడ మీద వేసుకోండన్నారు. మాస్కులు లేవు, గ్లౌజులు లేవు. నాలుగు గీతలు పడ్డాయో లేదో, గోడ యజమాని అరుచుకుంటూ వచ్చాడు. అనుమతే తీసుకోలేదట! గైడ్ ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకు జరిగాడు. అనుమతి లేకుండా వేరేవాళ్ల గోడకు రంగు వేస్తే చాలాచోట్ల నేరమే. పోలీసులు వస్తే పట్టుబడేది డబ్బా చేతిలో ఉన్నవాళ్లు. ఇలాంటి సెషన్ ఉంటే గోడ ఎవరిది, రాతపూర్వక అనుమతి ఉందా అని ముందే అడగండి. జవాబు రాకపోతే అది మానేయండి.

ఆ తర్వాత ఒక గ్యాలరీకి తోలారు. "లిమిటెడ్ ఎడిషన్" ప్రింట్లట. మామూలుగా అలాంటివాటి మీద కళాకారుడు పెన్సిల్‌తో సంతకం చేసి, ఎన్నింటిలో ఎన్నోదో నంబరు వేస్తాడు. ఇక్కడ సంతకం కూడా బొమ్మతో పాటే అచ్చయి ఉంది, నంబరు లేనే లేదు. ఇందులో కళాకారుడికి ఎంత వెళ్తుందంటే ఎవరూ నోరు మెదపలేదు.

డబ్బు కట్టే ముందు ప్రకటనలోని ఫొటోని గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేయండి. వీధి పేరు తెలిస్తే గూగుల్ మ్యాప్స్‌లో వీధుల ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూలో ఆ గోడ చూడండి, ఏ నెల, ఏ సంవత్సరం తీసిందో అక్కడే ఉంటుంది. ఈమధ్య తీసిన ఫొటోలు పంపమని నిర్వాహకులకు మెసేజ్ పెట్టండి. నిజంగా రోజూ తిప్పేవాళ్లకు అదేం కష్టం కాదు. ప్రకటన మొత్తం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నేను ఫిర్యాదు చేశాక వాళ్లు ఫొటోలు మార్చేశారు, నా దగ్గర పాతవి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

రిఫండ్ అడిగితే, షరతుల్లో అడుగున ఉన్న "బొమ్మలు మారవచ్చు" అనే ఒక్క వాక్యం చూపించి చేతులు దులుపుకున్నారు. స్క్రీన్‌షాట్లు జోడించి కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఫిర్యాదు (కార్డు డిస్ప్యూట్) వేశాను, ఇంకా తేలలేదు. ఇలాగే వేసి డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, బ్యాంకు ఏ ఆధారాలు అడిగిందో చెప్పండి.