పాత విమానాల రీళ్ళు, యుద్ధ రీళ్ళు: తొమ్మిదేళ్ళు చూశాక నా మాట

మా అమ్మమ్మది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి బాంబులు వేసినప్పుడు తనకి ఎనిమిదేళ్ళట. చేతికందింది మూట కట్టుకుని బండెక్కి పల్లెకి వెళ్ళిపోయామని చెప్పేది. ఆ రోజు ఎవరైనా ఫిల్ము తీశారేమోనని మొదలైన వెతుకులాట నాది, ఇప్పటికి తొమ్మిదేళ్ళు. ఎక్కువగా వాడినవి మూడు: యూట్యూబ్‌లో బ్రిటిష్ పాథే (పాత వార్తా చిత్రాల సంస్థ), లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్ ఫిల్ము సేకరణ, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగు.

కొత్తగా చూసేవాళ్ళు పాథేతో మొదలుపెట్టండి. 2014లో ఒకేసారి 85 వేల ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టారు, వెతకడం తేలిక. కాకపోతే ఇవి సినిమా హాల్లో జనం కోసం చేసిన వార్తా చిత్రాలు కాబట్టి యుద్ధకాలం నాటి వాటిలో వ్యాఖ్యాత గొంతు ఎప్పుడూ గెలుపు ధోరణిలోనే ఉంటుంది, బొమ్మలో ఏముందో మనం చూసేలోపే ఏమనుకోవాలో ఆయనే చెప్పేస్తాడు. నేను వాటిని సౌండ్ ఆపేసే చూస్తాను.

తొలి విమానాల విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు మొదటిసారి ఎగిరిన 12 సెకన్లకు ఫిల్ము లేదు, ఫొటో మాత్రమే ఉంది. దాని పేరుతో తిరిగే వీడియోలు 1908లోనో ఆ తర్వాతో తీసినవి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1909 ఏప్రిల్‌లో రోమ్ దగ్గర సెంటొచెల్లెలో తీసినది. విల్బర్ రైట్ నడుపుతున్న విమానంలో కెమెరా పెట్టారు, ఎగిరే విమానంలోంచి సినిమా తీయడం అదే మొదలని చాలామంది అంటారు. నేల వెనక్కి జారిపోతుంటుంది, పాత రోమన్ కాలువ కమానులు దూరంగా కనిపిస్తాయి, విమానం గాల్లో తూగినప్పుడల్లా ఆకాశపు అంచు కూడా తూగుతుంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ కాలపు మనుషులు బొమ్మల్లా గబగబా నడుస్తున్నట్టు కనిపిస్తే తప్పు వాళ్ళది కాదు, సెకనుకు 16, 18 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని 24 చొప్పున వేస్తే అలాగే ఉంటుంది. వేగం 0.75కి తగ్గించి చూడండి, వాళ్ళు మామూలు మనుషులైపోతారు.

ఇక లండన్ వాళ్ళ సేకరణ. దీని అసలు బలం బొమ్మకన్నా పక్కనున్న రాతలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కెమెరామన్ ప్రతి రీలుతో పాటు ఏ తేదీన ఎక్కడ ఏం తీశాడో ఒక కాగితం రాసి పంపేవాడు, దాన్ని డోప్ షీట్ అంటారు. అలాంటి సమాచారంతో కలిపి చూస్తే అంతకుముందు చూసిన రీలే వేరేగా కనిపిస్తుంది. చేతితో కీ ఇచ్చే కెమెరా, 100 అడుగుల రీలు నిమిషం దాటిన కాసేపటికే అయిపోతుంది, తూటాలు పడుతుండగా మళ్ళీ కొత్త రీలు ఎక్కించాలి. షాట్లు అంత పొట్టిగా ఎందుకున్నాయో నాకు అప్పుడే తెలిసింది. 1916 నాటి సోమ్ యుద్ధం (మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లో జరిగింది) ఫిల్ములో సైనికులు కందకంలోంచి పైకి ఎక్కి వెళ్ళే ప్రసిద్ధ దృశ్యం ముందు వరుసలో తీసింది కాదు, నటింపజేసి తీసిందని అక్కడి పరిశోధకులే తేల్చారు. అదే ఫిల్ములో జులై 1 ఉదయం 7:20కి హాథార్న్ గుట్ట కింద మందుపాతర పేలడం మాత్రం నిజంగా జరుగుతుండగా తీసినదే. రెండూ ఒకే ఫిల్ములో ఉన్నాయి. ఏది ఏదో చెప్పేది ఆ రాతలే.

అమెరికా కేటలాగులో వెతకడం ఓపికకి పరీక్ష. శీర్షికలు పొడి పొడిగా ఉంటాయి, ఒక్కోసారి సాయంత్రమంతా పోతుంది. కానీ దొరికిందంటే ఎడిట్ చేయని ముడి రీలు, ప్రభుత్వం తీసినదైతే చాలావరకు కాపీరైట్ గొడవ లేకుండా దింపుకోవచ్చు. బాంబర్లలోంచి 16 ఎం.ఎం. కలర్‌లో తీసినవీ, యుద్ధ విమానంలో తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే తిరిగే గన్ కెమెరాలవీ ఉన్నాయి. ఒకటి బాధగా ఉంటుంది: 1978లో అక్కడ దాచిన నైట్రేట్ ఫిల్ముకి (ఇట్టే అంటుకునే పాత రకం) నిప్పంటుకుని యూనివర్సల్ న్యూస్‌రీళ్ళలో (వార్తా చిత్రాలు) కోటి అడుగులకు పైగా కాలిపోయింది.

నాకు కోపం తెప్పించేది ఈ రీళ్ళకు రంగులు పూసి, పేలుళ్ళ సౌండ్ అతికించి పెట్టేవాళ్ళు. ముందు వరుసలో తీసినదాంట్లో చాలా భాగం మూకీయే. అలాంటి ఒక ఛానెల్లో యూరప్ రీలుని బర్మా అని పెడితే రీలు నంబరుతో సహా కామెంట్ రాశాను, మర్నాటికి ఆ కామెంట్ తీసేశారు. అలాంటిదే ఒకటి అమ్మమ్మకి చూపించినప్పుడు, "ఆ మోత ఆపరా, అది అలా ఉండదు" అంది. తర్వాత సౌండ్ లేని రీళ్ళు పెడితే చివరిదాకా కదలకుండా చూసింది.

విశాఖ బాంబుల రోజుది నాకు ఇంకా దొరకలేదు. వెతికేవాళ్ళు విశాఖపట్నం అని ఇప్పటి స్పెల్లింగుతో ఆగిపోకండి, ఆనాటి ఇంగ్లీషు పేర్లు విజగపటం, కోకనాడ (కాకినాడ) అని కూడా కొట్టి చూడండి. ఎవరికైనా కనబడితే రీలు నంబరు ఒక్కటి పంపండి, మిగతాది నేను చూసుకుంటాను.