పనోరమాలకి 70-200 ఎఫ్4 జూమ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పనోరమా అనగానే వైడ్ లెన్సు కొనమని సలహా ఇచ్చేవాళ్లే అందరూ. నా లెక్క వేరు. కొండలు, లోయలు, కోటలు ముక్కలు ముక్కలుగా తీసి తర్వాత స్టిచ్ చేయడమే (కంప్యూటర్‌లో ఒకే ఫొటోగా అతకడమే) మీ పిచ్చి అయితే ముందు కొనాల్సింది 70-200 మిల్లీమీటర్ల టెలీ జూమ్ లాంటిది, అంటే దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు. అందులోనూ ఎఫ్2.8 కాదు, ఎఫ్4 (లెన్సు ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే అంకె అది, ఎలాగూ ఎఫ్8లో తీస్తాం కాబట్టి 2.8 అక్కర్లేదు). నా దగ్గరున్నది కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్4 ఎల్ ఐఎస్ (ఐఎస్ అంటే చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు), 2006లో వచ్చిన మొదటి వెర్షన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బాడీ, అంటే కెమెరా, కెనాన్ 6డీ. రెండూ పాతవే, రెండూ ఇంకా పనిచేస్తున్నాయి, మార్చే ఆలోచన కూడా లేదు.

ఎందుకంటారా, గండికోట సంగతే తీసుకోండి. జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే చోటు అది, అంచున నిలబడితే ఎడమ నుంచి కుడి దాకా తల తిప్పి చూడాల్సిందే తప్ప ఒక్క చూపులో పట్టదు. అక్కడ 16 మిల్లీమీటర్ల వైడ్‌తో లోయ మొత్తాన్ని ఒకే ఫ్రేములో ఇరికించేవాళ్లు ఎప్పుడు వెళ్లినా కనబడతారు. ఇంటికెళ్లి చూసుకుంటే కింద సగం కాళ్ల ముందున్న బండలు, పైన సగం ఖాళీ ఆకాశం, మధ్యలో ఎక్కడో సన్నగా లోయ. ఎదుటి గోడ మీద పొరలు పొరలుగా విరిగిన ఎర్రరాయి, కింద నీళ్ల మలుపు, వీటి కోసమే కదా అంత దూరం వెళ్లింది, అవే కనబడవు.

అదే 70 దగ్గర పెట్టి కెమెరాని నిలువుగా తిప్పితే ఫుల్‌ఫ్రేములో (6డీ లాంటి పెద్ద సెన్సార్ కెమెరాలో) ఒక్కో షాటుకి వెడల్పు 19 డిగ్రీల పైచిలుకు, ఎత్తు దాదాపు 29 డిగ్రీలు వస్తుంది. 13 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే ప్రతి ఫ్రేముకీ పక్క ఫ్రేముతో మూడో వంతు ఓవర్‌లాప్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి అంతకంటే ఏం కావాలి. 120 డిగ్రీల దృశ్యానికి 9 ఫ్రేములు చాలు. 6డీ 20 మెగాపిక్సెళ్లదే అయినా స్టిచ్ అయ్యాక సుమారు 23,000 పిక్సెళ్ల వెడల్పు, అంచులు కత్తిరించాక 5,000 దాకా ఎత్తు మిగులుతాయి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ వేస్తే ఆరడుగులు దాటుతుంది. ఇంత పిక్సెల్ కోసం కొత్త బాడీకి లక్షలు పోయక్కర్లేదు.

మరి ఏదో ఒక టెలీ జూమ్ సరిపోదా అంటే, ఇక్కడే జూమ్ ఎంచుకోవడంలో అసలు కిటుకు ఉంది. స్పెసిఫికేషన్లలో కనబడని విషయం జూమ్ రింగు. స్టిచింగ్‌కి మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ఫోకల్ లెంగ్త్ (70, 200 అని చెప్పే ఆ జూమ్ అంకె) కదలకూడదు. అంతకుముందు వాడిన ఒక కిట్ జూమ్‌లో (కెమెరాతో పాటు వచ్చే చవక లెన్సు) కెమెరా కిందికి వంచితే గొట్టం దానంతటదే జారేది, ఫ్రేము ఫ్రేముకీ కాస్త తేడా వచ్చి అతుకుల దగ్గర రాళ్లు రెండేసి కనబడేవి, ఇన్సులేషన్ టేపు చుట్టి వాడేవాణ్ణి. ఈ 70-200లో జూమంతా లోపలే జరుగుతుంది, బయట పొడవు మారదు కాబట్టి జారడానికి గొట్టమే లేదు. దీని మిర్రర్‌లెస్ వారసుడు, 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 70-200 ఎఫ్4, బరువు తక్కువే (నాది 760 గ్రాములు, అది 695), కానీ జూమ్ చేస్తే బయటికి సాగుతుంది. బ్యాగులో చిన్నగా ఇమడాలంటే అది తీసుకోండి, నాకైతే సాగని లెన్సే ఇష్టం. ఇంకో సంగతి, ఏ జూమ్ అయినా సరే రింగుని ఒక చివర ఆగేదాకా తిప్పి వాడితే గొడవే ఉండదు. 85, 110 లాంటి మధ్య స్థానాల్లో పెట్టి తీస్తే చెయ్యి తగిలినా తెలియదు, ఫొటోలో నమోదయ్యే ఫోకల్ లెంగ్త్ కూడా ఉజ్జాయింపే కాబట్టి దాన్ని చూసి పట్టుకోవడం కష్టం.

ట్రైపాడ్ కాలర్, అంటే లెన్సుని నేరుగా ట్రైపాడ్‌కి బిగించే కడియం, ఈ లెన్సుతో రాదు, విడిగా కొనాలి. కంపెనీది ఖరీదెక్కువ, వేరేవాళ్లు చేసినవి చాలా తక్కువకే దొరుకుతాయి, నేను వాడేది అలాంటిదే. పనోరమాలు తీసేవాళ్లకి ఇది మాత్రం తప్పనిసరి. బాడీని ట్రైపాడ్‌కి బిగించి బాల్ హెడ్‌ని (ట్రైపాడ్ పైన ఎటైనా తిరిగే తలని) పక్కకి వాల్చి నిలువుగా పెడితే ఈ బరువుకి ముక్కు మెల్లగా కిందికి దిగుతుంది, ఫ్రేములు మెట్లు మెట్లుగా పడతాయి. కాలర్ ఉంటే పని సులువు. మర వదులు చేసి, కెమెరాని నిలువుగా తిప్పి, మళ్లీ బిగించేస్తాను. ఐఎస్ ఆఫ్. జూమ్ 70 దగ్గర ఆగేదాకా. లైవ్ వ్యూలో (వెనక తెర మీద) పదింతలు పెంచి ఎదుటి గోడ మీద ఏదో ఒక పగులుని చూసి ఫోకస్ పట్టి, వెంటనే ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చేస్తాను. ఎఫ్8, ఐఎస్ఓ 100, షట్టర్ స్పీడ్ మాత్రం బాగా వెలుగున్న వైపు చూసి లెక్క కట్టి మాన్యువల్‌లో అక్కడే వదిలేస్తాను. వైట్ బ్యాలెన్స్ కూడా డేలైట్‌లో లాక్. మొదటి ఫ్రేముకి ముందు, చివరి ఫ్రేము తర్వాత నా అరచెయ్యి ఒక్కో ఫొటో తీస్తాను, ఇంటికెళ్లాక ఏ సెట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వెతుక్కునే పని ఉండదు. ఎఫ్4లో తీయకండి, మూలల్లో వచ్చే చీకటి ఒక్క ఫొటోలో అందంగానే ఉంటుంది గానీ స్టిచ్ చేస్తే ఆకాశంలో నిలువు చారలుగా తేలుతుంది. పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) అసలే వద్దు, సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఆకాశం నల్లబడి మిగతా చోట తెల్లగా ఉండి, చూడ్డానికి మరక పడినట్టే ఉంటుంది.

తెల్ల లెన్సు కాబట్టి ఎక్కడికెళ్లినా "ఏ చానెల్ సార్ మీది, టీవీలో ఎప్పుడొస్తాది?" అని అడుగుతారు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి అడుగుతారు, అది ముందే చూసుకుని వెళ్లండి.

లెన్సు పనికిరాని చోట్లూ ఉన్నాయి. పాపికొండల బోటులో స్టిచింగ్ మాట మర్చిపోవచ్చు, పడవ కదులుతుంటే ఫ్రేముకీ ఫ్రేముకీ కొండలే జరిగిపోతాయి, అక్కడ వైడ్ జూమ్‌తో ఒక్క ఫ్రేము తీసుకోవడమే మేలు. గోల్కొండ బాలా హిస్సార్ మీద నుంచి కుతుబ్ షాహీ సమాధుల వైపు తీసేటప్పుడు పిట్టగోడ ఫ్రేములో లేకుండా చూసుకుంటాను. ఒక కన్ను మూసి, ముక్కు ముందు వేలు నిలబెట్టి తల అటూ ఇటూ తిప్పి చూడండి, వెనకున్న గోడ మీద వేలు కదిలినట్టు కనబడుతుంది. కెమెరా తిరిగినప్పుడు దగ్గరున్న వస్తువుకీ అదే జరుగుతుంది. దాన్ని ఆపాలంటే లెన్సు ఎంట్రన్స్ ప్యూపిల్ (ముందు నుంచి చూస్తే లెన్సులో కనబడే రంధ్రం) మీదుగా కెమెరాని తిప్పే స్లైడు కావాలి. దూరపు దృశ్యాలే తీస్తే అదేమీ అక్కర్లేదు, టెలీ వాడటంలో ఉన్న సుఖమే అది. వేసవిలో రాయలసీమ ఎండ ఎక్కాక ఎంత మంచి గ్లాసైనా చేసేది ఏమీ లేదు, గాలి ఉడికిపోయి రాయి అంచులన్నీ వణుకుతుంటాయి, ఒక్కో ఫ్రేములో ఒక్కోలా. తెల్లవారుజామునో, వానలు వెలిసిన మర్నాడో వెళ్లాలి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే లైట్‌రూమ్‌లో మెర్జ్ నొక్కితే పదింట తొమ్మిదిసార్లు పని అయిపోతుంది. ఊరికే దొరికేది కావాలంటే హగిన్ ఉంది, మొదట్లో తలనొప్పే గానీ కంట్రోల్ పాయింట్లు (రెండు ఫ్రేముల్లోనూ ఉన్న ఒకే చోటుని చూపే గుర్తులు) చేత్తో పెట్టుకోవచ్చు, మొండి సెట్లకి నేను దాన్నే నమ్ముతాను. నాగార్జునసాగర్ డ్యామ్ లాంటి తిన్నని కట్టడాన్ని దగ్గర నుంచి తీసి సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌లో (దృశ్యాన్ని గొట్టం మీద చుట్టి పరిచినట్టు అతికే పద్ధతిలో) పెడితే కట్ట అరటికాయలా వంగిపోతుంది. వీలైనంత దూరం వెళ్లి కోణం తగ్గించి తీసి, తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచే పర్‌స్పెక్టివ్ ప్రొజెక్షన్ వాడండి.

క్రాప్ సెన్సార్ (ఫుల్‌ఫ్రేము కంటే చిన్న సెన్సార్) బాడీ ఉన్నవాళ్లు ఇంత ఖర్చు పెట్టకండి. ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం 375 గ్రాములే, ముందు భాగం తిరగదు, 55 దగ్గర పెట్టి ఎఫ్8లో తీస్తే పనోరమాకి కావలసినంత షార్ప్‌గా వస్తుంది. కాలర్ పెట్టడానికి వీలుండదు, దాని బదులు బాడీకి ఎల్ బ్రాకెట్ (కెమెరాని నిలువుగా కూడా ట్రైపాడ్‌కి బిగించనిచ్చే ఎల్ ఆకారపు పట్టీ) వేసుకోండి. ఈ రెండు లెన్సుల్లో ఏది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా వెనక క్యాపు తీసి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి, విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చిన లెన్సులైతే మరీ జాగ్రత్త. షాపులోనే కెమెరాకి తగిలించి, ఐఎస్ ఆన్ చేసి, 200 దగ్గర సెకనులో ముప్పయ్యో వంతు షట్టర్‌తో నాలుగైదు షాట్లు చేత్తో పట్టుకునే తీసి, పెద్దది చేసి చూశాకే డబ్బులివ్వండి.