పరకాలకు రోజూ 70 కిలోమీటర్లు: కరెంటు కారుతో ఏడాదిన్నర

కొనే ముందు అందరూ అడిగింది ఒక్కటే, "ఛార్జింగ్ అయిపోతే నడిరోడ్డు మీద ఏం చేస్తవ్ సార్?" అని. 31 వేల కిలోమీటర్లు తిరిగాను, ఒక్కసారీ ఆగిపోలేదు. నన్ను టెన్షన్ పెట్టింది మా ఇంటి ఎర్తింగ్.

నాది హనుమకొండ, డ్యూటీ పరకాలలో. పాత పెట్రోల్ కారుకు నెలకు 11 వేలు పోతుండేవి. 2024 నవంబర్‌లో మన తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేయడంతో ఆ మరుసటి నెలే తీసుకున్నా. 24 కిలోవాట్ అవర్, అంటే 24 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉన్న చిన్న కారు.

ఇంటికొచ్చిన రాత్రే ఛార్జర్ మీద ఎర్ర లైటు. పాత ఇల్లు, ఎర్త్ వైరు పేరుకే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి కొత్త ఎర్తింగ్ చేసి, మీటర్ దగ్గర్నుంచి విడిగా వైరు లాగి 15 ఆంప్స్ సాకెట్ పెట్టాడు. ఎండాకాలం ఆ గుంత ఎండిపోతే మళ్లీ ఎర్ర లైటే, అందుకని మా బాపు తులసి చెట్టుతో పాటు దానికీ రోజూ ఓ బకెట్ నీళ్లు పోస్తున్నాడు.

రోజుకు 10 యూనిట్ల దాకా, మూడున్నర గంటల్లో ఎక్కుతుంది. చాలామంది యూనిట్ 5 రూపాయలని లెక్కేసుకుంటారు, కానీ కారు యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా పడతాయి కాబట్టి స్లాబ్ మారి, ఏసీలు నడిచే నెలల్లో 9 రూపాయల పైనే పడుతుంది. అయినా నెలకు రెండున్నర వేలు దాటలేదు.

ఒకసారి ఫుల్ ఛార్జ్ చేస్తే కంపెనీ కాగితం మీద 300 పైచిలుకు కిలోమీటర్లు. నాకు చలికాలం 210, మే నెలలో ఏసీ వేస్తే 180. పరకాలకు అది చాలా ఎక్కువ. హైదరాబాద్ దగ్గరే తిప్పలు. పోవడానికి సరిపోతుంది, వచ్చేటప్పుడు ఎక్కడో ఆగాలి. ఒకసారి హైవే మీద ఒక ఛార్జింగ్ మెషిన్ పనిచేయక, ఇంకోదాని ముందు కారు ఉండి గంటన్నర కూర్చున్నాం, మా ఆవిడ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు హైదరాబాద్‌కు కాజీపేటలో రైలెక్కుతున్నాం. మేడారానికి ఎట్లాగూ బస్సే.

2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు ఊళ్లో నీళ్లు నిలిచిన రోజు మాత్రం బండి బయటికి తీయలేదు. బ్యాటరీలోకి నీళ్లు పోవంటారు, కానీ నా కారుతో పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండే మా కొలీగ్ తనూ కొంటానంటే, ముందు పార్కింగ్‌లో సాకెట్ సంగతి మీ అసోసియేషన్‌తో తేల్చుకో, తర్వాతే టెస్ట్ డ్రైవ్‌కు పో అన్నా. ఆరు నెలలైంది, ఇంకా మీటింగులే నడుస్తున్నాయి.