ట్రకోమాకు విరాళం ఇస్తే దేనికివ్వాలి: మందుకా, ఆపరేషన్‌కా, నీళ్లకా?

అంధత్వ నివారణకు డబ్బు ఇద్దామనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. శుక్లాల సంగతి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తాను. ట్రకోమా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే కంటి ఇన్ఫెక్షన్. అంటుకునే జబ్బుల వల్ల పోయే చూపులో పెద్ద వాటా దీనిదే. భారత్ ఈ సమస్యను దాటిందని 2024లో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరించింది. ఇప్పుడు ఎక్కువ భారం ఇథియోపియా మీదే ఉంది.

లెక్కలు వేసేవాళ్లు మందు వైపే మొగ్గుతారు. అజిత్రోమైసిన్ ఏడాదికి ఒక్క మోతాదు, ఊరంతటికీ వేస్తారు. 1998 నుంచి ఫైజర్ దీన్ని ఉచితంగా ఇస్తోంది, ఇప్పటికి వంద కోట్ల మోతాదులు దాటాయి. అంటే మీ డబ్బుతో మాత్రలు కొనరు. వాటిని ఊళ్లకు చేర్చడానికి, ఇంటింటికీ తిరిగేవాళ్లకు, సర్వేలకు వాడతారు. మనిషికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అయితే ఈ మందు సూక్ష్మజీవిని చంపగలదు గానీ అప్పటికే కంటిరెప్ప లోపల పడిన మచ్చను మాన్పలేదు.

నా మనసు ఆపరేషన్ వైపు లాగేది అందుకే. చిన్నప్పటి నుంచి ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తే పై రెప్ప లోపల మచ్చలు కట్టి, రెప్ప లోపలికి తిరుగుతుంది. ఇక కన్ను ఆర్పిన ప్రతిసారీ రెప్ప వెంట్రుకలు కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరను, గీకుతూనే ఉంటాయి. పట్టకారుతో వాటిని పీక్కుంటూ ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లున్నారు. పిల్లలతో ఎక్కువసేపు గడిపేది ఆడవాళ్లే కాబట్టి, వాళ్లకే ఈ బాధ ఎక్కువ. ఆపరేషన్‌తో రెప్పను మళ్లీ బయటికి తిప్పుతారు. కానీ అప్పటికే కార్నియా తెల్లబడితే అది పోయిన చూపును తిరిగి తేలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదా అంటారు కొందరు. కాదు, రెప్ప తిరిగింది గానీ చూపు ఇంకా ఉంది. ఆ మధ్య కాలంలోనే చేయాలి. రెప్పకు మాత్రమే మత్తిచ్చి, శిక్షణ పొందిన నర్సు కూడా పల్లెలోనే చేసేయగలరు.

దీనికీ ఒక లోపముంది. కొందరిలో రెప్ప మళ్లీ తిరుగుతుంది, చేసే చేతిని బట్టి ఆ సంఖ్య మారుతుంది. అందుకే ఎన్ని ఆపరేషన్లు చేశారని కాదు, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ వెళ్లి చూశారా అని సంస్థను అడగండి. నేను ఇచ్చే ముందు అడిగేది ఈ ఒక్కటే.

నీళ్లు, మరుగుదొడ్లు, పిల్లల ముఖాలు కడగడం ఎలాగూ మంచివే. జబ్బును మోసే ఈగ బయట పడి ఉన్న మానవ మలంలో గుడ్లు పెడుతుంది. యాంటీబయాటిక్స్ రాకముందే, బతుకులు మెరుగుపడేకొద్దీ యూరప్‌లో ట్రకోమా తగ్గిపోయింది. కానీ ఇథియోపియాలో ఇవన్నీ కలిపి చేసిన ఒక ట్రయల్‌లో మూడేళ్లకు కూడా ఇన్ఫెక్షన్ తగ్గలేదు. పనికిరావని కాదు, ఫలితం కనబడాలంటే చాలా ఏళ్లు పడుతుంది.

నల్ల ఈగల వల్ల వచ్చే నది అంధత్వం గురించీ అడుగుతారు. అక్కడ ఆలోచించేదేమీ లేదు, మందు పంపిణీకే ఇవ్వండి. ఐవర్‌మెక్టిన్‌ను మెర్క్ 1987 నుంచి ఉచితంగా ఇస్తోంది. ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలను ఆ మందు చంపుతుంది గానీ, ఒంట్లో ఉన్న పెద్ద పురుగు పది, పదిహేనేళ్లు బతుకుతుంది కాబట్టి ఏళ్ల తరబడి వేస్తూ ఉండాలి.

ట్రకోమాకు నేను ఈసారి ఆపరేషన్లకే ఇచ్చాను. ఆపరేషన్ చేసినవాళ్లను మళ్లీ చూశారా అన్న ప్రశ్నకు సూటిగా జవాబివ్వని సంస్థ అయితే మాత్రం, ఆ డబ్బు మందు పంపిణీకే వెళ్లడం మేలు.