కాకినాడ వెళ్తే మడ అడవిని, హోప్ ఐలాండ్‌ని వదలకండి

కాకినాడ వచ్చినవాళ్లలో చాలామంది ఉప్పాడ బీచ్ రోడ్డులో ఫొటోలు దిగి, గొట్టం కాజాలు కట్టించుకుని బండెక్కేస్తారు. నాకు మనసొప్పదు. ఈ ఊరికి రేవు ఎలా వచ్చిందో చూడొద్దూ? గోదావరి ఒండ్రు, ఇసుక మేటవేసి సముద్రంలోకి పొడుగ్గా సాగిన దిబ్బే హోప్ ఐలాండ్. బంగాళాఖాతం కెరటాల జోరు దాని దగ్గరే తగ్గిపోతుంది. లోపలి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి కాబట్టే ఓడలు ఇక్కడ నిశ్చింతగా లంగరేస్తాయి.

దీవికి బోటులో వెళ్లాలి. గాలి లేస్తే బోట్లు ఆపేస్తారు, అది సబబే. కానీ మాకు టిక్కెట్లిచ్చినాయన గంటలకొద్దీ కూర్చోబెట్టి, డబ్బులు తిరిగివ్వమంటే విసుక్కున్నాడు. బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మంచినీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉండాలి. శీతాకాలం చివర ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, చూసి అడుగేయాలి.

నన్నడిగితే దీవికంటే ముందు కోరంగి. యానాం రోడ్డులో ఆటో అయినా, బస్సయినా దొరుకుతుంది. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ వెళ్లొచ్చు. పాటు సమయంలోనే వెళ్లండి. నీళ్లు తీసిన బురదలో నల్లమడ చెట్ల శ్వాసవేర్లు వేలెడేసి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య చిన్న చేపలు రెక్కల మీద లేచి గెంతుతాయి, ఎర్ర డెక్కల పీతలు మన నీడ పడగానే బొరియల్లో దూరిపోతాయి. పోటొస్తే ఇదంతా మునిగిపోతుంది. తిల్ల చెట్టు కొమ్మలు మాత్రం విరవకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. చేపలు పట్టి తినే అడవిపిల్లి, నీటిపిల్లి, ఇక్కడే ఉంటుంది, కానీ పగలు కనబడడం అరుదు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. రంగూన్ ఓడలెక్కినవాళ్లెందరో ఈ తీరం నుంచే వెళ్లారు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది.

బసకి భానుగుడి సెంటర్ వైపు హోటళ్లు నాకు నచ్చాయి. మెయిన్ రోడ్డు లాడ్జీలు చవకే గానీ రాత్రి రొద ఎక్కువ. మధ్యాహ్నం మాత్రం సుబ్బయ్యగారి హోటల్ భోజనం చేయాల్సిందే. అన్నం, కూరలు, పచ్చళ్లు కొసరి కొసరి వడ్డిస్తారు. వరదల రోజుల్లో పులస కావాలంటే యానాం వెళ్లండి, ధర మాత్రం ముందే మాట్లాడుకోండి. రైలు కాకినాడ దాకా దొరక్కపోతే సామర్లకోటలో దిగండి, అక్కణ్ణుంచి బస్సులకి కొదవ లేదు.