భుజాలున్న వెన్నెముక మోడల్ కొనేముందు కాలర్ బోన్లు ఒకసారి చూసుకోండి

విశాఖపట్నం పెదవాల్తేరులో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నాది. మెడనొప్పితో వచ్చినవాళ్లకి రెక్క ఎముకకి (భుజం వెనక వీపు మీద ఉండే పలక లాంటి ఎముక) ఎక్సర్‌సైజ్ చెప్తే "నొప్పి మెడలో కదా మేడమ్, భుజంతో పనేంటి" అని అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు. నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఆమధ్య కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర ఒక సర్జికల్ షాపులో వెన్నెముక, పక్కటెముకల గూడు, రెండు భుజాలు కలిపి ఉన్న ఫుల్ సైజ్ ప్లాస్టిక్ మోడల్ 9,500 పెట్టి తీసుకున్నాను.

వెన్నెముక వరకు చాలా బాగుంది. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు, కింద త్రికం (నడుము కింద ఉండే ముక్కోణపు ఎముక), తోక ఎముక. డిస్కులు కూర్చుని లెక్కపెట్టాను, సరిగ్గా 23. మొదటి రెండు పూసల మధ్య డిస్క్ ఉండదు, ఇందులోనూ పెట్టలేదు. మెడ పూసల పక్క రంధ్రాల గుండా మెదడుకి రక్తం తీసుకెళ్లే వెన్నుధమనిని కూడా ఏడో పూస రంధ్రంలో దూర్చకుండా, అసలు ఉండాల్సినట్టే ఆరో పూస నుంచి పైకి ఎక్కించారు. అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

భుజాల దగ్గరే నిరాశపడ్డాను. కాలర్ బోన్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించేశారు. రొమ్ము ఎముక వైపు ముందుకు ఉబ్బి ఉండాల్సిన వంపు వెనక్కి తిరిగి ఉంది. షాపులో చెప్తే "స్టూడెంట్స్ ఎవరూ అడగలేదండీ" అన్నారు. స్టూడెంట్స్ దీన్ని చూసే కదా నేర్చుకుంటారు! నేనే విప్పి మార్చుకున్నాను.

ఇంకోటి, రెక్క ఎముకని పక్కటెముకలకి స్క్రూతో బిగించేశారు. నిజానికి అక్కడ కీలే లేదు. రెక్క ఎముకకీ మొండేనికీ మధ్య ఎముకతో ఉన్న లింకు కాలర్ బోన్ ఒక్కటే, మిగతాదంతా కండరాల మీద ఆధారపడి జారుతూ ఉంటుంది. చెయ్యి పూర్తిగా పైకెత్తితే 180 డిగ్రీల్లో దాదాపు 60 ఈ రెక్క ఎముక తిరగడం వల్లే వస్తాయి, దాన్నే కదలకుండా చేసేస్తే ఇంక చూపించేదేముంది? ఆ స్క్రూ కూడా తీసేసి, టైలర్ల దగ్గర దొరికే ఎలాస్టిక్ కొని, మెడలోని పై నాలుగు పూసల పక్కల నుంచి రెక్క ఎముక పై మూలకి కట్టాను. లెవేటర్ స్కాపులే అనే కండరం ఉండేది సరిగ్గా అక్కడే.

జాలారిపేట నుంచి ఒకామె వస్తుంది, ఏళ్ల తరబడి తలమీద చేపల గంప మోసిన మనిషి. ఆమె చేతికిచ్చి రెక్క ఎముకని కిందికి లాగమన్నాను. "రెక్క లాగితే మెడ కూడా వొచ్చేస్తందేటి మేడమ్!" అని తన మెడ పట్టుకుని చూసుకుంది. ఆ రోజు నుంచి ఎక్సర్‌సైజ్ మానలేదు.

అందుకే ఇన్ని తప్పులున్నా కొనమనే చెప్తాను, కానీ కాలర్ బోన్ల వంపు షాపులోనే చూసుకోండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని కూడా అడగండి, మన సముద్రపు గాలికి నా మోడల్ స్టాండ్‌కి రెండో నెలలోనే తుప్పు పట్టింది.